మండే కొండ క్రింద పొరుగువారు

 మీ బైబిలు దగ్గరలో ఉంటే లూకా సువార్త 13వ అధ్యాయము తెరచి, మొదటి 5 వచనముల దగ్గర ఒక కాగితము పెట్టుకొని ఉంచండి. కొంతసేపటికి అక్కడికి వస్తాము. అంతకుముందు ఈ దినము మిమ్మల్ని ఒక దూరదేశమునకు తీసుకొని వెళ్ళాలని నా కోరిక. టిక్కెట్టు అక్కర లేదు, పాస్‌పోర్టు అడిగేవారు లేరు. కుర్చీ కొంచెం రేడియో దగ్గరకు లాక్కుంటే చాలు.

ఫిలిప్పీన్స్ దేశము 7,000కు పైగా ద్వీపముల దేశము. అందులో అన్నిటికంటే పెద్దది లూజోన్. ఆ ద్వీపము ఆగ్నేయ దిక్కుగా తోక చాచినట్టు సాగిపోతుంది. ఆ తోకను బికోల్ ప్రాంతము అంటారు. అక్కడ అల్బాయ్ అనే రాష్ట్రము ఉన్నది. కొన్ని సంవత్సరముల క్రితం మనీలాలో పాస్టర్ల సదస్సు ముగిసిన తరువాత నేను రాత్రి బస్సు ఎక్కి అక్కడికి వెళ్ళాను. పది గంటలకు మించిన ప్రయాణము. తెల్లవారుతూ ఉండగా పక్క సీటులోని పెద్దాయన నా మోచేతిని తట్టి కిటికీలోనుండి చూడమని సైగ చేశాడు.

కళ్ళములో తూర్పారబట్టిన వడ్లను రాశి పోస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా! అన్ని వైపులా ఒకే వాలు, పైన సన్నని కొస. సరిగ్గా అలాంటి రాశి 2,462 మీటర్ల ఎత్తున ఆకాశములో నిలబడి ఉన్నది. కొసమీద సన్నని ఆవిరి. అదే మయోన్ అగ్నిపర్వతము. దాని చుట్టూ మూడు పట్టణములు, ఐదు మండలముల వంటి ఊళ్ళు వలయముగా కూర్చున్నాయి. రాజధాని అయిన లెగాస్పి పట్టణము కొండ శిఖరమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరములోనే ఉంది. బజారులో కూరగాయలు కొనేవారు, బడికి వెళ్ళే పిల్లలు, రిక్షా తొక్కేవారు, ఎవరు తల ఎత్తినా అదే కనబడుతుంది.

బికోల్ భాషలో ‘మగయోన్’ అంటే అందమైనది అని అర్థము. ఆ మాటనుండే కొండకు పేరు వచ్చింది. ఆ ఊరివారు ఒక పాతకథ చెబుతారు. దరగాంగ్ మగయోన్ అనే అందగత్తె, పంగనోరోన్ అనే వీరుడు ఒకరినొకరు ప్రేమించారు. పగవాడొకడు అడ్డుపడ్డాడు. యుద్ధము జరిగింది, ఇద్దరూ మరణించారు. ఆమెను పాతిపెట్టిన చోటు ఉబ్బి ఉబ్బి కొండ అయ్యిందట. పంగనోరోన్ అంటే మేఘము. అందుకని మబ్బు వచ్చి శిఖరమును కప్పినప్పుడల్లా అతడు ఆమె దగ్గరకు వచ్చాడని చెప్పుకొంటారు. ఆ కథను మనము నమ్మనక్కర లేదు. కానీ తమను చంపగల కొండకు ‘అందమైనది’ అని పేరు పెట్టి, దానికి ఒక ప్రేమకథ చెప్పి పిల్లలను నిద్రపుచ్చే ప్రజల మనసు ఎలాంటిదో కాస్త ఆలోచించండి.

భోజనము సంగతి చెప్పకుండా వెళ్ళలేను. ఫిలిప్పీన్స్‌లో చాలాచోట్ల కూరలు చప్పగా ఉంటాయి. మనవారు ఊరగాయ సీసా లేనిదే అక్కడ అడుగు పెట్టరు. బికోల్ మాత్రము వేరు. అక్కడ పచ్చిమిరపకాయ, కొబ్బరిపాలు లేని వంట లేదన్నా అతిశయోక్తి కాదు. చేమ ఆకులను ఎండబెట్టి, కొబ్బరిపాలలో మిరపకాయలతో మెల్లగా ఉడికిస్తారు. దానిని లైంగ్ అంటారు. కమాలిగ్ అనే ఊరిలో అదే చేమ ఆకులో పొట్లము కట్టి వండేదానిని పినంగాత్ అంటారు. ఒక చిన్న పూటకూళ్ళ ఇంట్లో అన్నములో లైంగ్ కలుపుకొని తింటూ ఉంటే, వడ్డించే అమ్మగారు నా కళ్ళలో నీళ్ళు వస్తాయేమోనని ఎదురు చూశారు. గుంటూరు జిల్లా మనిషిని, ఆమెకు ఏమి తెలుసు! రెండవసారి అడిగేసరికి ఆమె నవ్వి మరికొంత పెట్టారు.

సరే, మీలో చాలామందికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. నిప్పు కక్కే కొండ క్రింద మనుషులు ఎందుకు ఉంటున్నారు? వేరే చోటికి పోవచ్చు కదా?

దానికి జవాబు నేలలో ఉంది. కొండ కక్కిన బూడిద ఏండ్ల తరబడి వానకు నాని, చివికి, మంచి సారవంతమైన మట్టి అవుతుంది. ఆ మట్టిలో వరి, కొబ్బరి, కూరగాయలు విరివిగా పండుతాయి. అబకా అనే ఒక మొక్క ఉంది. చూడటానికి అచ్చము అరటిచెట్టే, అరటి జాతిదే. దాని బోదెనుండి నార తీస్తారు. ఉప్పునీటికి చెడని నార అది. ఒకప్పుడు ఓడల మోకులను మనీలా హెంప్ అనే పేరుతో దీనితో పేనేవారు. బాదమువంటి పిలి పప్పు కూడా బికోల్ సీమ సొమ్మే. చంపేదీ ఆ కొండే, అన్నము పెట్టేదీ ఆ కొండే. ఎకరము పొలము, రెండు గేదెలు, తండ్రి కట్టిన ఇల్లు అక్కడే ఉన్న పేదవానిని ‘వేరే చోటికి పో’ అనడము తేలిక. ఎక్కడికి పోతాడు? ఆ చోటు అతనికి ఎవరు ఇచ్చారు?

ఇప్పుడు కగ్సావా అనే స్థలమునకు వెళ్దాము. లెగాస్పికి దగ్గరలో, దరగా పట్టణ పరిధిలో ఉంది. పచ్చని గడ్డిలో నల్లబడిన రాతి గంటగోపురము ఒక్కటే నిలబడి ఉంటుంది. దాని వెనుక మయోన్. అల్బాయ్ గురించి ఏ పుస్తకము తెరచినా ఈ చిత్రమే కనిపిస్తుంది.

మయోన్ బద్దలైనట్లు వ్రాసి ఉంచిన సంగతులలో మొదటిది 1616వ సంవత్సరమునది. అప్పటినుండి ఇప్పటివరకు 50సార్లకు పైగా బద్దలైంది. వాటిలో అతి భయంకరమైనది 1814 ఫిబ్రవరి 1న జరిగింది. పట్టపగలు చీకటి కమ్మింది. రాళ్ళు, బూడిద ఊళ్ళమీద కురిశాయి. కగ్సావా, బుదియావో వంటి గ్రామములు నాశనమయ్యాయి. సుమారు 1,200 మంది చనిపోయారు. ఆ ఊరిలో వారికి తెలిసిన గట్టి కట్టడము రాతి గుడి ఒక్కటే గనుక, అనేకులు అక్కడికి పరుగెత్తి అక్కడే ప్రాణములు విడిచారని తరతరములుగా చెప్పుకొంటున్నారు. మిగిలినవారు దరగా వైపు వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడ గుట్టమీద 18వ శతాబ్దములో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కట్టించిన దేవాలయము నేటికీ ఉంది. ఆ గోడలు కట్టినది కూడా కొండ రాళ్ళతోనే.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గుడి అంతా ఒక్క గడియలో నేలలోకి దిగబడిపోయి గోపురము మాత్రము అద్భుతముగా మిగిలిందని యాత్రికులకు చెబుతుంటారు. నిజానికి 20వ శతాబ్దపు మొదటి భాగములో తీసిన పాత ఫోటోలలో ఆ గుడి ముఖభాగపు గోడ ఇంకా నిలబడి ఉండటము కనబడుతుంది. అది తరువాతి కాలములో భూకంపములకు పడిపోయింది. జరిగిన సంగతే చాలినంత భయంకరమైనది. దానికి మనము రంగులు వేయనక్కర లేదు. సాక్ష్యములు చెప్పే సహోదరులు కూడా ఈ సంగతి గుర్తుంచుకొంటే మంచిది.

ఆ గడ్డిలో కొందరు కుర్రవాళ్ళు యాత్రికులకు ఫోటోలు తీసిపెట్టి నాలుగు డబ్బులు సంపాదించుకొంటారు. మీరు కొండను రెండు వేళ్ళ మధ్య పట్టుకొన్నట్లు, కొండమీదినుండి దూకుతున్నట్లు వింతగా తీస్తారు. వందలమంది చనిపోయిన చోట ఈ ఆటలేమిటని మొదట అనిపిస్తుంది. అయితే ఆ పిల్లలు ఆ చనిపోయినవారి ఊరివారే. గోపురము వారికి కన్నీరూ పెట్టింది, ఇప్పుడు కూడూ పెడుతోంది. వారిని తప్పు పట్టడానికి నేనెవరిని?

ఇప్పుడు మీ బైబిలులో కాగితము పెట్టిన చోటు తెరవండి. కొందరు యేసు దగ్గరకు వచ్చి, బలి అర్పించుచుండగా చంపబడిన గలిలయుల సంగతి చెప్పారు. ఆరాధనలో ఉన్నవారు చనిపోయారు! అప్పుడు ప్రభువు తానే మరియొక సంగతి ఎత్తాడు. సిలోయములో గోపురము కూలి 18 మంది చనిపోయారు. వారు యెరూషలేములో మిగిలినవారందరికంటే ఎక్కువ పాపులా? ప్రభువే అడిగాడు, కారని ప్రభువే జవాబు చెప్పాడు. ఆ వెంటనే, వింటున్నవారు తమ సంగతి తాము చూసుకొని మారుమనస్సు పొందాలన్నాడు. గమనించారా? చనిపోయినవారి మీద తీర్పు చెప్పే కుర్చీని ఆయన మనకు ఇవ్వలేదు. ఉన్నవారి వైపుకు వేలు త్రిప్పాడు. కగ్సావాలో గుడిలోనికి పరుగెత్తినవారు దేవునిమీద కోపముతో వెళ్ళలేదు, ఆశతో వెళ్ళారు. వారిని పాపులని చెప్పేవాడు లూకా 13ను చింపివేసి చెప్పాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కార్యక్రమమునకు ఆ మధ్య ఒక ఉత్తరము వచ్చింది. సముద్రతీరమున ఉండే ఒక సహోదరి వ్రాశారు. ఆమె కుమారుడు వేటకు వెళ్ళి తుఫానులో చిక్కుకొని తిరిగి రాలేదు. పడవ దొరికింది గానీ బిడ్డ దొరకలేదు. ఆదరించడానికి వచ్చిన సంఘస్థులలో ఒకరు, ‘ఏదో ఒప్పుకోని పాపము ఇంట్లో ఉండి ఉంటుంది, వెదకి చూసుకో’ అన్నారట. ‘అయ్యగారూ, ఆరు నెలలనుండి వెదకుతూనే ఉన్నాను, అది ఏ పాపమో మీరైనా చెప్పండి’ అని ఆ తల్లి వ్రాశారు.

అమ్మా, మీరు ఈ కార్యక్రమము వింటున్నట్లయితే, దయచేసి ఆ వెదకడము మానివేయండి. మీ బిడ్డను చంపినది తుఫాను. మిమ్మల్ని అలా అన్నవారు ప్రభువు చెప్పని మాట ప్రభువు పేరున చెప్పారు. ఇంతకంటే మెత్తగా చెప్పడము నాకు చేతకాదు.

ఇంకొక వైపు కూడా ఉన్నది. ‘ఎవరి పాపమో కాదు, అంతా దేవుని చిత్తము, మనము చేయగలిగినది ఏముంది’ అని చేతులు కట్టుకొని కూర్చునేవారున్నారు. అల్బాయ్ ప్రజలు అలా కూర్చోలేదు. 1993 ఫిబ్రవరి 2న మయోన్ హఠాత్తుగా బద్దలైనప్పుడు, వాలులో కూరగాయల తోటలు వేసుకొన్న రైతులు 70 మందికి పైగా నిప్పు మేఘములో చిక్కుకొని చనిపోయారు. ఆ తరువాత రాష్ట్ర ప్రభుత్వము విపత్తుల కొరకే ఒక శాశ్వత కార్యాలయము పెట్టింది. ఒక్క ప్రాణమైనా పోకూడదన్నది వారి గురి. శిఖరము చుట్టూ 6 కిలోమీటర్ల వరకు ఎవరూ నివసించకూడదు. కొండను కనిపెట్టి చూసే ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఉన్నారు. భూమి అదురును లెక్కిస్తారు, కొండ ఎంత ఉబ్బుతున్నదో కొలుస్తారు, వచ్చే గంధకపు వాయువును తూస్తారు. సున్నానుండి ఐదువరకు హెచ్చరికలు. ఆ అంకె పెరిగితే లారీలు వస్తాయి, జనము మూటలు కట్టుకొని బయలుదేరుతారు. 2018 జనవరిలో అలా 80,000 మందికి పైగా కదిలారు. కొండ నిప్పుకు ఎవరూ బలి కాలేదు. 2023 జూన్‌లో మరల సుమారు 20,000 మంది నెలల తరబడి ఇండ్లు విడిచి ఉన్నారు.

ఇల్లు విడిచి వెళ్ళడము అవిశ్వాసమా? సామెతలు 22వ అధ్యాయము 3వ వచనము చదవండి. అపాయమును ముందుగా చూచి తప్పుకొనేవానిని వాక్యము బుద్ధిమంతుడన్నది గానీ పిరికివాడనలేదు. సొదొమలో తడవు చేస్తున్న లోతు చేయి పట్టుకొని బయటికి లాగినవారు దేవదూతలు. తుఫాను హెచ్చరిక వచ్చి అధికారులు జీపులో మైకు పెట్టి తిరుగుతుంటే, ‘మా దేవుడు చూచుకొంటాడు’ అని తలుపు వేసుకొనే విశ్వాసులారా, ఆ జీపును ఎవరు పంపారని మీరు అనుకొంటున్నారు?

అయితే మనుషుల జాగ్రత్తకు కూడా హద్దు ఉన్నది. దానిని దాచకూడదు. 2006వ సంవత్సరములో మయోన్ కొన్ని నెలలు బుసలు కొట్టింది. ఆగస్టులో వేలాదిమందిని శిబిరములకు తరలించారు. కొండ శాంతించింది, సెప్టెంబరులో అందరూ ఇండ్లకు చేరి స్తోత్రము చెప్పుకొన్నారు. కానీ కొత్త బూడిద, ఇసుక, రాళ్ళు వాలుల మీద అలాగే ఉండిపోయాయి. నవంబరు 30న రెమింగ్ అనే పెనుతుఫాను వచ్చింది. కుండపోత వానకు ఆ బూడిదంతా తడి సిమెంటువలె కదలి, బండరాళ్ళను దొర్లించుకొంటూ వాగుల వెంట ఊళ్ళమీద పడింది. దానిని లహార్ అంటారు. లెగాస్పిలోని పడాంగ్, దరగా, గినోబతన్ ప్రాంతములలో ఇండ్లు కప్పుల వరకు పూడిపోయాయి. చనిపోయినవారు, కనబడకుండా పోయినవారు వెయ్యిమందికి పైనే. నిప్పునుండి తప్పించుకొన్నవారిని నీరు పట్టుకొన్నది. దీనికి నా దగ్గర వివరణ లేదు. సెమినరీలో చదివిన పుస్తకములలోనూ దొరకలేదు. 46వ కీర్తన చదివేటప్పుడు మాత్రము, కొండలు కదలుట అనే మాట దగ్గర ఇప్పుడు నేను త్వరగా దాటిపోను.

శిబిరములంటే ఏమిటో అనుకొనేరు. మామూలు బడులే. తరగతి గదిలో బెంచీలు పక్కకు నెట్టి, పది కుటుంబములు చాపలు పరచుకొంటాయి. వరండాలో వంట, మరుగుదొడ్డి దగ్గర బారు. పిల్లలకు చదువు ఆగకూడదని చెట్టు క్రిందనో గుడారములోనో పాఠములు. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటో తెలుసా? పశువులు. ఇంటి పెద్ద పగలు నిషేధ స్థలములోనికి చాటుగా వెళ్ళి గేదెకు నీళ్ళు పెట్టి వస్తుంటాడు. ఎన్నిసార్లు చెప్పినా వినడు. అందుకే పశువులకు కూడా వేరే శిబిరములు ఏర్పాటు చేయడము మొదలుపెట్టారు. ఎంత తెలివైన పని! గేదెను కాపాడితే మనిషి దిగి వస్తాడు. యోనా గ్రంథము చివరి వచనములో దేవుడు నీనెవె పట్టణపు మనుషులతోపాటు పశువులను కూడా లెక్కలోనికి తీసుకొన్నాడని మనము చదువుతాము. ప్రసంగములలో దానిని ఎందుకో వదలివేస్తుంటాము. రైతు వదలడు.

మన తెలుగు బిడ్డలు అనేకులు వైద్యవిద్య కొరకు ఫిలిప్పీన్స్‌కు వెళ్తున్నారు. ఆ తల్లిదండ్రులకు ఒక మాట. సెలవులలో మీ అబ్బాయి అల్బాయ్ చూడటానికి వెళ్తానంటే సంతోషముగా పంపండి. కగ్సావా చూడమనండి, లైంగ్ తినమనండి. శిఖరము ఎక్కుతానంటే మాత్రము వద్దనండి. 2013 మే 7న ఏ హెచ్చరికా లేని ఉదయమున, వేడికి నీరు ఒక్కసారిగా ఆవిరై పేలినప్పుడు, పైకి ఎక్కుచున్న ఐదుగురు చనిపోయారు. నలుగురు విదేశీయులు, ఒకరు దారి చూపించే స్థానికుడు.

చివరిగా ఒక మాట. బికోల్ భాషలో కృతజ్ఞత తెలుపడానికి ‘దియోస్ మబలోస్’ అంటారు. దియోస్ అంటే దేవుడు. మబలోస్ అంటే తిరిగి చెల్లించును. నీవు నాకు చేసిన మేలు నేను తీర్చలేను, దేవుడే నీకు తీర్చునుగాక అని భావము. నాకు దారి చూపిన కుర్రవాడు, చిల్లర తీసుకొన్న బస్సు కండక్టరు, అందరూ ఈ మాటే అన్నారు. బీదలకు ఇచ్చినవాడు దేవునికే అప్పు ఇచ్చినట్లని సామెతలు 19వ అధ్యాయము 17వ వచనములో ఉంది కదా, అక్కడ అది బజారు మాట అయిపోయింది. ఇల్లు పూడిపోయినవాడు తన చేతిలో పెట్టిన అన్నపు పొట్లమునకు బదులు ఇవ్వగలిగినది ఆ ఒక్క మాటే.

ఇందాక చెప్పిన సహోదరి ఉత్తరములో చివర మరి రెండు పంక్తులు ఉన్నాయి. కుమారుడు కనబడకుండా పోయిన దినమునుండి పదకొండు దినములు ఆమె ఇంట పొయ్యి వెలగలేదట. పక్క వీధిలోని ఒకామె, మన సంఘమునకు చెందినామె కాదు, చేపలు అమ్ముకొనే మనిషి, పూటపూటకూ అన్నము, పులుసు తెచ్చి గడప లోపల పెట్టి, పాపము గురించి గానీ పుణ్యము గురించి గానీ ఒక్క మాట మాట్లాడకుండా గిన్నెలు తీసుకొని వెళ్ళేదట. ‘ఆమెకు ఏమని చెప్పాలో నాకు తెలియలేదు అయ్యగారూ’ అని వ్రాశారు.

ఆమెతో అనండమ్మా, దియోస్ మబలోస్ అని. అర్థము మీరే చెప్పండి.

ప్రార్థించుదము.